రెడ్ రాక్స్‌కి అమ్మగారిని నిరభ్యంతరంగా తీసుకెళ్లండి

అమ్మగారి అరవయ్యో పుట్టినరోజూ, బాబుదీ ఒకే వారంలో వస్తున్నాయి, అమెరికాలో డెన్వర్ దగ్గరి రెడ్ రాక్స్‌లో కచేరీకి వెళ్దామంటే ఆవిడ మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చి వెనకాడుతున్నామని రాశారు. మానుకోకండి. రెండు పెద్ద ఎర్ర కొండరాళ్ల మధ్య 1941లో తెరిచిన ఆరుబయలు వేదిక అది. పొద్దువాలే వేళ ఆ రాళ్లు ఇంకా ఎర్రబడుతుంటే పాట వినడం ఆవిడకి కలకాలం గుర్తుంటుంది.

అసలు చిక్కు మెట్లతోనే, అందుకని మామూలు టికెట్లు కొనొద్దు. మెట్లెక్కలేనివాళ్లకి మొదటి వరుస, 70వ వరుస ఉంచారు. నేనైతే 70వ వరుసే తీసుకోమంటాను. అది అన్నిటికన్నా పైన ఉంటుంది, టాప్ సర్కిల్ పార్కింగ్ నుంచి దగ్గర. పక్కన మీరెంతమంది కూర్చోవచ్చో కొనేముందే అడగండి.

ఆ చోటు సముద్రమట్టానికి 6,450 అడుగుల ఎత్తున ఉంది, గాలి పలచగా ఉంటుంది. ఆవిడ ఇండియా నుంచి దిగిన మర్నాడే వద్దు, నాలుగు రోజులు ఆగండి, నీళ్లు బాగా తాగించండి. మామూలు వానకి కచేరీ ఆగదు, గొడుగులేమో లోపలికి రానివ్వరు. రెయిన్‌కోటు, చీర మీదకి స్వెట్టరు, చెవులకి మఫ్లరు తప్పనిసరి. జూలైలో కూడా రాత్రి చలేస్తుంది. కేకు ఇంట్లోనే కోసి బయల్దేరండి.