అద్దాలు తుడిచే పనికి 38 వేల వెబ్‌సైటా?

ప్రశ్న: మాది నెల్లూరు. నేనూ మా తమ్ముడూ, జీతానికి ఇంకో అబ్బాయీ కలిసి మూడేళ్లుగా ఇళ్లకూ షోరూములకూ కిటికీ అద్దాలు, ఎలివేషన్ అద్దాలు శుభ్రం చేస్తున్నాం. నెలకు 60 వేల దాకా వస్తుంది. అబ్బాయి జీతం, పెట్రోలు, లిక్విడ్లు పోను 36 వేలు మిగిలితే అన్నదమ్ములం చెరిసగం తీసుకుంటాం. డబుల్ బెడ్‌రూం ఫ్లాటు మొత్తానికి 900 తీసుకుంటే మాకు 500 మిగులుతుంది. ఈమధ్య మాగుంట లేఅవుట్‌లో ఒక షోరూం మేనేజరు "మీకు వెబ్‌సైట్ ఉందా?" అని అడిగారు. లేదన్నాం, పని పోయింది. ఒక కంపెనీ వాళ్లు 38 వేలకు చేసిస్తామన్నారు. రెండో ఏడాది నుంచి మెయింటెనెన్సు 12 వేలట. 2 వేలు అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. తేవచ్చా? ఇంకా తక్కువలో అయ్యే దారి ఉందా?

జవాబు: మీరు పంపిన కొటేషన్ ఫొటో చూశాను. 38,000 అన్న అంకె పెద్దగా ఉంది. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. 18 శాతం కలిపితే 44,840 అవుతుంది. అడ్వాన్సు పోను 42,840 అప్పు తేవాలి. నూటికి రెండు అంటే నెలకు 857 రూపాయలు, ఏడాదికి 10 వేల పైచిలుకు వడ్డీ. ఏడాది తిరిగేసరికి అసలు తీర్చేసినా, ఆ వెబ్‌సైటు మీకు 55 వేలు దాటి పడుతుంది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి అయితే ఆ కట్టిన పన్నును తన పన్నులో సర్దుకుంటాడు. సేవలు చేసేవాళ్లకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే నమోదు తప్పనిసరి. మీది 7 లక్షల చిల్లర. అంటే జీఎస్టీగా కట్టే ఆ 6,840 పోయినట్టే.

ఈ 55 వేలను ఒకసారి ఫ్లాట్లలోకి మార్చి చూడండి. ఫ్లాటుకు 500 మిగులుతుందన్నారు కదా, 111 ఫ్లాట్లు. ఇప్పుడు చేస్తున్నవి కాకుండా, కేవలం ఆ వెబ్‌సైటు చూసి వచ్చినవే 111 కావాలి. నెలకు తొమ్మిదికి పైగా. అప్పటికి గానీ మీరు ఈరోజు ఉన్నచోటికి తిరిగి రారు. ఆ మీద రెండో ఏడాది 12 వేలు, అంటే ఇంకో 24 ఫ్లాట్లు, అదీ జీఎస్టీ వేయకపోతే. నేనైతే ఈ అప్పు చేయను, మిమ్మల్నీ చేయనివ్వను.

"ఈ ఖర్చు పన్నులో మినహాయించుకోవచ్చు సార్" అని ఆ కంపెనీ కుర్రాడు అన్నాడని రాశారు. పన్ను కట్టేవాడికి చెప్పాల్సిన మాట అది. మీ ఇద్దరికీ ఏడాదికి తలా 2 లక్షల 16 వేలు వస్తోంది. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. లేని పన్నులో మిగుల్చుకునేదేముంది!

అలాగని ఆ మేనేజరు అడిగింది తప్పు కాదు. ఆయనకు మీ వెబ్‌సైటులో బొమ్మలు గిరగిరా తిరగడం చూడాలని సరదా ఏమీ ఉండదు. మూడో అంతస్తు అద్దాల దగ్గరికి ఎవరినో ఎక్కిస్తున్నాడు, రేపు ఓనరు "ఎవరయ్యా వీళ్లు, యాడ పట్టుకొచ్చావు?" అంటే చూపించడానికి ఒకటి కావాలి. మీ పనుల్లో సగానికి పైగా వాచ్‌మెన్లు, పక్క ఫ్లాటు వాళ్లు చెబితే వచ్చినవేనని మీరే రాశారు. అలా నంబరు దొరికినవాళ్లు చేసే మొదటి పని ఫోనులో మీ పేరు కొట్టి చూడటం. అప్పుడు ఏదో ఒకటి కనబడాలి. మీకు కావాల్సింది అంతే, దానికి 38 వేలు అక్కర్లేదు.

ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి, అంటే గూగుల్‌లో మీ పేరు వెతికితే ఫోను నంబరు, రివ్యూలతో కనబడే మీ వ్యాపారం వివరాలు. పైసా ఖర్చు లేదు. మీకు దుకాణం లేదు కాబట్టి ఇంటి చిరునామా బయటికి కనబడకుండా దాచి, వెళ్లి పనిచేసే ఊళ్లు మాత్రం ఇవ్వవచ్చు: నెల్లూరు, కోవూరు, ముత్తుకూరు, బుచ్చిరెడ్డిపాళెం. కావలి దాకా వెళ్తామంటే అదీ రాయండి గానీ, 900 రూపాయల పనికి అంత దూరం బండేసుకుని పోయొస్తే మిగిలేది ఎంతో ముందు లెక్క చూసుకోండి. వ్యాపారం నిజంగా ఉందని తేల్చుకోవడానికి చాలాసార్లు వీడియో అడుగుతారు. బండి, నిచ్చెన, వైపర్లు, మీ పేరున్న బిల్లు పుస్తకం చూపిస్తూ తీయండి. ఆ తర్వాత కొన్నాళ్లకు "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, 5 వేలు కట్టకపోతే మీ పేరు తీసేస్తాం" అని ఫోన్లు రావచ్చు. పెట్టేయండి. ప్రొఫైల్ ఉంచినందుకు గూగుల్ డబ్బు తీసుకోదు.

రివ్యూ అడగడానికి కూడా ఒక సమయం ఉంటుంది. మీ తమ్ముడు గుడ్డలు మడత పెడుతుండగా ఇంటావిడ హాల్లో నిలబడి అద్దంలోంచి బయటికి చూస్తుంది చూడండి, అప్పుడు అడగాలి. మర్నాడు ఫోను చేసి అడిగితే పది మందిలో ఇద్దరు పెడతారేమో. డబ్బిచ్చి దొంగ రివ్యూలు మాత్రం వేయించకండి. ఒకే రోజు పాతిక మంది "సూపర్ సర్వీస్" అంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక మీ సొంత పేజీ. ఇందులో డబ్బు రెండు చోట్ల పోతుంది. డొమైన్ అంటే ఇంటి పేరు లాంటిది, ఏడాదికోసారి కట్టాలి. హోస్టింగ్ అంటే ఆ ఇల్లు నిలబడే స్థలానికి అద్దె. పేరు కొనుక్కోండి, అద్దె లేని స్థలంలో ఉండండి. గూగుల్ సైట్స్‌లో గానీ బ్లాగర్‌లో గానీ పేజీ ఉచితంగా పెట్టుకుని, దానికి మీ సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. కావాల్సినవి ఒక జీమెయిలూ ఒక మధ్యాహ్నమూ. డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. డాట్ కామ్ ఇంకొంచెం ఎక్కువ, నెల్లూరు వ్యాపారానికి అది లేకపోయినా లోటు లేదు. "మొదటి ఏడాది 99 మాత్రమే" అన్నది మొదటి బంతిలో వడ్డించే నెయ్యి లాంటిది. రెండో ఏడాది ఎంత అన్నది చూశాకే కొనండి. నాలుగేళ్ల హోస్టింగ్ ఒకేసారి కట్టించుకునే ఆఫర్ల జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. నా ఆఫీసు వెబ్‌సైటును మొదట ఒకాయనకు అప్పజెప్పాను. డొమైన్ ఆయన మెయిలుతో, ఆయన పేరు మీద కొన్నాడు. నేను అడగలేదు, తప్పు నాదే. ఊళ్లో అందరి డబ్బుకూ నామినీ ఎవరు, సంతకం ఎవరిది అని అడిగేదాన్ని, నా పేరు ఎవరి పేరు మీదుందో చూసుకోలేదు. రెండేళ్లకు ఆయన ఫోను స్విచాఫ్. రెన్యువల్ తేదీ దాటిపోయింది, ఆ పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. విజిటింగ్ కార్డులు అట్టపెట్టెడు మిగిలితే, వాటి వెనకవైపు మా అమ్మాయి లెక్కలు చేసుకుంది. అందుకే చెబుతున్నా: పేజీ ఎవరు చేసినా సరే, డొమైన్ మీ పేరు, మీ మెయిలు, మీ ఫోను నంబరు మీదే ఉండాలి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి. రెన్యువల్ తేదీ గోడ క్యాలెండర్‌లో కూడా రాసిపెట్టండి.

పేజీలో ఏం రాయాలో మీకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. "అత్యుత్తమ సేవలు, అనుభవజ్ఞులైన సిబ్బంది" లాంటి మాటలు వద్దు, అవి అందరి దగ్గరా ఉన్నాయి. మీ ఉత్తరంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. బోరు నీళ్లు చిమ్మి ఎండిపోయిన అద్దాల మీద తెల్ల మచ్చలను మీరు పోగొడతారట. మన ఊళ్లో ఆ బాధ లేని ఇల్లు తక్కువ. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అద్దానికి గట్టిగా పట్టేస్తాయి, సబ్బు నీళ్లకు లొంగవు, పుల్లటి మందు కావాలి. ఇంట్లో పీచుతో రుద్ది గీతలు పడేసుకున్నాక మిమ్మల్ని పిలుస్తారు. పేజీలో అన్నిటికన్నా పైన ఆ ఫొటోలే పెట్టండి: ఒకే కిటికీ, తుడవకముందు, తుడిచాక. మైపాడు వైపు, కృష్ణపట్నం రోడ్డు వైపు ఉప్పుగాలికి మసకబారిన అద్దాలుంటే అవీ తీయండి. ఫోను కెమెరా చాలు, ఎదురెండలో కాకుండా పొద్దున పూట తీయండి. ఇంటివాళ్లను అడిగే పెట్టండి, వాళ్ల హాలూ బీరువా అందులో కనబడకూడదు.

ఆ కింద ధర. చాలామంది ధర రాయడానికి జంకుతారు. "డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 900 నుంచి" అని రాస్తే, 300కు బేరమాడేవాళ్లు అసలు ఫోను చేయరు, మీకు పెట్రోలు మిగులుతుంది. ఏ అంతస్తు దాకా ఎక్కుతారో, నీళ్లు ఎవరివో, ఎంతసేపు పడుతుందో రెండేసి ముక్కల్లో రాయండి. తెలుగులో రాసి కింద ఇంగ్లీషులో కూడా పెట్టండి, షోరూముల వాళ్ల హెడ్ ఆఫీసులు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటాయి. నొక్కితే ఫోను వెళ్లేలా ఒక మీట, వాట్సాప్‌కు ఒక మీట. వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా ఉచితమే, రేట్లు కేటలాగులో పెట్టుకోవచ్చు. ఇంతకు మించి మొదటి ఏడాది వద్దు. యాప్ వద్దు. "గూగుల్ మొదటి పేజీలో గ్యారంటీ" అనేవాళ్లు వద్దే వద్దు, ఆ గ్యారంటీ ఎవరి చేతిలోనూ లేదు.

చేయడం మీకు రాకపోతే కంప్యూటర్ తెలిసిన కుర్రాడెవరికైనా ఒక పూటకు 2 వేలిచ్చి దగ్గర కూర్చుని చేయించుకోండి. డొమైన్‌తో కలిపి 3 వేలు. ఆరు ఫ్లాట్ల పని. మన దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి వెలిశాక సంక్రాంతికి ఇళ్లు కడుగుతారు. ఆ పండక్కి నెల ముందే పేజీ తయారుగా ఉంటే ఆ ఆరు ఫ్లాట్లూ ఒక్క వారంలోనే వస్తాయేమో చూసుకోవచ్చు. ఫోను చేసిన ప్రతివాళ్లనీ "మా నంబరు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే ఖరీదైన సైటు కావాలో వద్దో తేలిపోతుంది.

మీరు అడగనిది ఒకటి. ఉత్తరం మొత్తంలో ఇన్సూరెన్సు అన్న మాట లేదు, తాడూ బెల్టూ మాట లేదు. అద్దాల మీద ఇంత ఎత్తున పనిచేసే ముగ్గురికి ముందు కావాల్సింది అది. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాదంలో పోయినా పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు ఇస్తారు. ముగ్గురికీ కలిపి 60 రూపాయలు. రేపే చేయించండి, ఆ జీతం అబ్బాయిని మరవకండి. 2 లక్షలు ఏ మూలకూ రావు కాబట్టి విడిగా ప్రమాద బీమా కూడా తీసుకోండి. ఫారంలో "ఎత్తు మీద అద్దాలు తుడిచే పని" అని ఉన్నదున్నట్టు రాయాలి. ప్రీమియం తగ్గుతుందని "వ్యాపారం" అని రాసి ఊరుకుంటే క్లెయిము రోజున అదే అడ్డం వస్తుంది. మంచి సేఫ్టీ బెల్టులు, హెల్మెట్లు కొనండి. మేనేజరుకు వెబ్‌సైటు కన్నా ఆ బెల్టు కట్టుకుని పనిచేస్తున్న ఫొటో ఎక్కువ ధైర్యమిస్తుందని నా నమ్మకం.

సామాన్లకు అప్పే కావాలంటే వడ్డీ వ్యాపారి దగ్గరికి కాదు, మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ప్రభుత్వ పథకం ముద్రలో శిశు లోను అడగండి. 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. దానికి ఉద్యం నమోదు, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవడం, పనికొస్తుంది. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, డబ్బు అడిగే సైటు ఏదైనా అసలుది కాదు.

మిగిలింది ఆ 2 వేల అడ్వాన్సు. "ఇచ్చాం కదా, వదులుకోవడమెలా" అని మీ తమ్ముడు అంటున్నారని రాశారు. కంపెనీకి వెళ్లి మర్యాదగా అడగండి: పెద్ద సైటు వద్దు, ఆ డబ్బుకు మా పేరు మీద డొమైన్ కొని, ఒక్క పేజీ పెట్టి, పాస్‌వర్డు మాకివ్వండి అని. చిన్న కంపెనీ అయితే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే నాలుగు ఫ్లాట్ల కష్టం పోయిందనుకోండి, దాని కోసం ఇంకో 42 వేలు తేకండి.