ఉచితమా, కొసరా?

సందేహం: ఉత్తరాదిలో రేషన్ షాపు బోర్డు మీద ‘ఉచిత్ మూల్య్ కీ దుకాన్’ అని చూశాను. ఉచితం అంటే అక్కడ ‘తగినది’ అట. మరి ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని మనం రాసేది తప్పేనా?

సమాధానం: తప్పు కాదండీ. సంస్కృతంలో ఉచితం అంటే తగినది, సబబైనది. ఆ అర్థం మన దగ్గరా పోలేదు, సముచితం, అనుచితం, ఉచితానుచితాలు అంటూనే ఉన్నాం. కాకపోతే ఒంటరిగా వాడినప్పుడు తెలుగులో అది ‘డబ్బు తీసుకోకుండా’ అనే అర్థంలో స్థిరపడిపోయింది, కన్నడంలోనూ అంతే. మీరు చూసిన బోర్డుకి అర్థం న్యాయమైన ధరకి అమ్మే దుకాణం అని, దాన్నే మనం చౌకధరల దుకాణం అంటాం. నలుగురి నోళ్లలో నలిగిన అర్థాన్ని నిఘంటువు చూపించి కాదనలేం.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. ‘ఒకటి కొంటే’ అన్నాక ‘ఉచితం’ ఎలా పొసుగుతుంది? కొంటేనే వచ్చేదానికి మనకి చక్కటి మాట ఉంది, కొసరు. కూరగాయలమ్మ కిలో వంకాయలు తూచి, ముల్లు సరిగ్గా నిలబడ్డాక, ఇంకో కాయ తీసి పడేస్తుంది, లేదంటే నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేస్తుంది, అదీ కొసరు. అసలు లేకుండా కొసరు లేదు. ‘కొసరు వెయ్యమ్మా’ అని అడిగేవాళ్లకీ అది వంకాయల బేరంలో భాగమేనని తెలుసు, అందుకే అక్కడ ‘ఉచితంగా ఇవ్వు’ అనే మాట నోటికి రాదు. బట్టల షాపు వాళ్లు ‘ఒక చీర కొంటే ఇంకో చీర కొసరు’ అని రాయకపోవడానికి కారణం కూడా అదేనని నేను గట్టిగా నమ్ముతాను. కొసరు అనగానే మనసు అసలు మీదకి, దాని ధర మీదకి పోతుంది. ఉచితం అంటే ఇక లెక్క వేసుకోం.

లెక్క వేసుకోమనే మాటకి ఆధారం ఉంది. క్రిస్టినా షంపానియె, నీనా మజార్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి చూడండి. మేలురకం లింట్ చాక్లెట్ 15 సెంట్లకి, మామూలు హెర్షీస్ చాక్లెట్ 1 సెంటుకి పెడితే కొన్నవాళ్లలో నూటికి 73 మంది లింట్ తీసుకున్నారు. రెండింటికీ ఒక్కో సెంటు తగ్గించి 14, సున్నా చేశారో లేదో, నూటికి 69 మంది హెర్షీస్ వైపు తిరిగారు. ధరల మధ్య తేడా ముందూ 14 సెంట్లే, తర్వాతా 14 సెంట్లే!

మోజు ఎంత ఉందో చులకనా అంత ఉంది. ‘ఉచిత సలహా’ అన్నామంటే ఎవరూ అడగనిది, పనికిరానిది అనే కదా. పుణ్యానికి పుట్టెడు వడ్లిస్తే పిచ్చకుంచంతో కొలిచావని పోట్లాడినట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు.

కానీ తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో తిని వచ్చి ‘ఉచిత భోజనం చేశాం’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ప్రసాదం తిన్నాం అనే అంటాం. అక్కడ ధర సున్నా కావడం కాదు, ధర ప్రసక్తే లేదు. వెలలేనిది అంటే మనకి వెలకట్టలేనిదనే అర్థం, చూశారా!

ఇక వాడుక సంగతి. తెలంగాణ ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకి కండక్టరు కొట్టి ఇచ్చే జీరో టికెట్‌ది అచ్చంగా ఉచిత ప్రయాణమే, కంటి పరీక్షల శిబిరమూ ఉచితమే, నిశ్చింతగా రాయండి. కొంటే వచ్చేదాన్ని కొసరు అనండి, మీకే తేడా తెలుస్తుంది. ‘ఉచిత బహుమతి’ని మాత్రం దయచేసి వదిలేయండి, డబ్బు తీసుకుని ఇచ్చే బహుమతి ఎక్కడా ఉండదు.