సీడీ రైటయింది, పాట మాత్రం రావట్లేదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ సీడీల గురించే. ఫోన్‌లో పాటలు వినే రోజుల్లో ఇంకా సీడీ ఏంటని అడిగేవాళ్లుంటారు. కానీ పెద్దవాళ్ల ఇళ్లలో, పాత కార్లలో, సంగీతం నేర్పే గదుల్లో ప్లేయర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వాళ్లకి లింకు పంపితే వినరు, డిస్కు చేతికిస్తే వింటారు. ఇంట్లోవాళ్ల గొంతులు, గురువుల పాఠాలు వాటిమీదకి ఎక్కుతున్నాయి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: త్యాగరాయ గానసభలో మా గురువుగారి కచేరీని ఫోన్‌లో రికార్డు చేశాను. సీడీ రైట్ చేస్తే ల్యాప్‌టాప్‌లో చక్కగా వినిపిస్తోంది, గురువుగారింట్లో పాత ప్లేయర్‌లో పెడితే 'నో డిస్క్' అంటోంది. ప్లేయర్ పోయిందంటారా? (ఒక శిష్యురాలు, చిక్కడపల్లి)

జవాబు: ప్లేయర్ మీద అనుమానం ఆఖర్న పెట్టుకుందాం అమ్మా. కొట్లో కొన్న పాత పాటల సీడీ ఏదైనా అందులో పెట్టి చూడండి, అది పాడితే ప్లేయర్ బాగున్నట్టే. తర్వాత మీ డిస్కుని ల్యాప్‌టాప్‌లో తెరిచి అందులో ఏమున్నాయో చూడండి. ఫోన్‌లో ఉన్న పేర్లతోనే ఎం4ఏ, ఎంపీ3 ఫైళ్లు (శబ్దాన్ని కుదించి దాచేవి) కనిపిస్తే మీరు చేసింది డేటా సీడీ, అంటే ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టు దాచే డిస్కు. అలా కాకుండా 'ట్రాక్01', 'ట్రాక్02' అని వరసగా, చివర సీడీఏ అని ఉన్న బుల్లి ఫైళ్లు కనిపిస్తే అది ఆడియో సీడీ. మీది మొదటిదే అయ్యుంటుందని నా అంచనా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలతాయి.

1980లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి ఆడియో సీడీకి ఒక పద్ధతి ఖాయం చేశాయి. సెకనుకి 44,100 శాంపిళ్లు (శబ్దం కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. పాత ప్లేయర్ అలా రాసి ఉన్నదాన్నే చదవగలదు, ఎం4ఏని విప్పి పాడించే చిప్పు దాంట్లో ఉండదు. ముందు ప్యానెల్ మీద ఎంపీ3 అని ముద్ర ఉంటే ఎంపీ3 ఫైళ్ల డిస్కుని కూడా పాడుతుంది.

విండోస్‌లో చాలామంది పొరపడేది ఎక్కడంటే, ఖాళీ సీడీ పెట్టగానే అది రెండు దార్లు చూపిస్తుంది, 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా' అని ఒకటి, 'సీడీ/డీవీడీ ప్లేయర్‌తో' అని ఇంకొకటి. రెండోది చూసి అమ్మయ్య ప్లేయర్‌లో పాడుతుందిలే అనుకుంటాం, కానీ అక్కడ ఫైళ్లు లాగి పడేస్తే ఏ దారిలో వెళ్లినా తయారయ్యేది డేటా సీడీయే. ఆ కిటికీ మూసేసి విండోస్ మీడియా ప్లేయర్ తెరవండి, విండోస్ 11లో అయితే 'లెగసీ' అని పేరు పక్కన ఉంటుంది. 'బర్న్' ట్యాబ్‌లోకి వెళ్లి, 'ఆడియో సీడీ' ఎంచుకుని, పాటల్ని వరసలో పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. సీడీబర్నర్ ఎక్స్‌పీ, లినక్స్ వాడేవాళ్లకి బ్రసేరో, కే3బీ కూడా ఈ పని శుభ్రంగా చేస్తాయి. మీడియా ప్లేయర్ ఏదైనా ఫైలు తీసుకోనంటే ముందు ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 44,100, 16 బిట్ స్టీరియో వేవ్ (కుదించని) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

అలా చేశాక కూడా 'నో డిస్క్' అంటే రెండు విషయాలు చూడాలి. ఒకటి, మీ డిస్కు మీద సీడీ-ఆర్‌డబ్ల్యూ అని ఉందా? చెరిపి మళ్లీ రాసుకునే ఆ డిస్కు లేజర్ వెలుగుని ఒక్కసారే రాసే మామూలు సీడీ-ఆర్ కంటే చాలా తక్కువగా వెనక్కి పంపుతుంది, పాత ప్లేయర్లకి ఆ వెలుగు చాలదు. సీడీ-ఆర్ మాత్రమే వాడండి. రెండోది, డిస్కుని 'ఫైనలైజ్' చేయకుండా వదిలేశారేమో. తర్వాత ఇంకో పాట కలుపుదామని తెరిచి ఉంచితే రైటర్ చదువుతుంది గానీ మామూలు ప్లేయర్ చదవదు. ఈ రెండూ సరిగ్గానే ఉండి, కొన్న సీడీలు కూడా ఎగురుతూ పాడుతుంటే అప్పుడు లెన్సు మీద దుమ్ము గురించి ఆలోచిద్దాం.

ఇంకొక్క మాట. ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో తీసుకోండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ప్రశ్న: నా ఎంపీ3లన్నీ కలిపి 120 ఎంబీ. సీడీ 700 ఎంబీ. అయినా పట్టదంటోంది, ఎందుకు? (మల్కాజిగిరి)

జవాబు: ఆడియో సీడీకి ఎంబీలు లెక్క కాదండి, నిమిషాలు లెక్క. ఎంపీ3ని విప్పి రాసేటప్పుడు నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. మీ ఎంపీ3లు 128 కేబీపీఎస్‌వి (సెకనుకి ఎంత డేటా అన్న కొలత) అయితే నిమిషానికి 1 ఎంబీ కంటే కాస్త తక్కువే, అంటే మీ దగ్గర రెండు గంటలకి పైనే పాట ఉంది, డిస్కు పట్టేది 80 నిమిషాలు. రెండు డిస్కులు చేయండి. 80కి మించి అంచుదాకా నింపే ఓవర్‌బర్న్ జోలికి వెళ్లొద్దు, పాత ప్లేయర్లు సరిగ్గా ఆ చివర్లోనే మొరాయిస్తాయి.

ప్రశ్న: మా ఊరి గుళ్లో చెప్పించిన హరికథ గంటా పది నిమిషాలు ఉంది. వినేవాళ్లకి వీలుగా ఉంటుందని పది ముక్కలు చేశాను. ఇప్పుడు ముక్క ముక్కకీ మధ్య రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తోంది, దాసుగారు పాట ఎత్తుకునే చోట తెగిపోతోంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌తో చేస్తే నిశ్శబ్దం పోయింది గానీ 'టిక్' అని చప్పుడు. (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మంచి పని పెట్టుకున్నారు, కొంచెం ఓపిక పడితే అతుకు తెలియకుండా వస్తుంది. ట్రాక్ రాసిన ప్రతిసారీ లేజర్ ఆగి మళ్లీ మొదలైతే ఆ రెండు సెకన్ల ఖాళీ వస్తుంది, దాన్ని 'ట్రాక్ ఎట్ వన్స్' అంటారు. సాఫ్ట్‌వేర్‌లో 'డిస్క్ ఎట్ వన్స్' (డిస్కంతా ఆగకుండా ఒకేసారి రాయడం) ఎంచుకుని, ట్రాకుల మధ్య గ్యాప్ సున్నా పెట్టండి. విండోస్ మీడియా ప్లేయర్‌లో అయితే బర్న్ ఆప్షన్లలో 'గ్యాప్స్ లేకుండా' అనే గడి ఉంటుంది, అక్కడ టిక్ పెట్టాలి.

చప్పుడు సంగతి వేరు. సీడీ మీద ఒక్క సెకను పాటని 75 ఫ్రేములుగా కోసి రాస్తారు, అంటే ఫ్రేముకి 588 శాంపిళ్లు. మీరు కోసిన చోటు ఫ్రేము మధ్యలో పడితే మిగిలిన జాగాని సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంతో నింపుతుంది. అది కంటికి కనిపించనంత చిన్నదే, కానీ గట్టిగా పాడుతున్న గొంతు మధ్యలో పడితే చెవికి చప్పుడుగా తగులుతుంది. ఆడాసిటీలో సమయం చూపించే పద్ధతిని 'సీడీడీఏ ఫ్రేములు' అని మార్చి, స్నాప్ ఆన్ చేసి, కోయాల్సిన చోట్ల లేబుళ్లు (గుర్తులు) పెట్టండి. అప్పుడు ప్రతి కోతా ఫ్రేము హద్దు మీదే పడుతుంది. లేబుళ్ల ప్రకారం ముక్కలన్నీ ఒకేసారి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ అవుతాయి, మధ్యలో ఎంపీ3 చేయకండి, ఎంపీ3 ముక్కకి మొదట్లో చివర్లో తనంతట తనే కొంచెం ఖాళీ చేరుస్తుంది. ఎక్కడ కోయాలో కూడా చెప్తాను. దాసుగారు పాట ముగించి మళ్లీ కథలోకి వచ్చేచోట, జనం చప్పట్లు కొట్టేచోట కోయండి, సరిసమానంగా ఏడేసి నిమిషాలకి కాదు.

ప్రశ్న: బయట తగిలించే యూఎస్‌బీ రైటర్ కొన్నాను. 60, 70 శాతం దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. (కూకట్‌పల్లి)

జవాబు: మధ్యలో యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టుకి చాలా తగిలించే డబ్బా) ఉంటే తీసేసి రైటర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించండి. రాసేటప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావాలి, రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండూ పెట్టండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్ మోడ్ ఆపేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. వేగం 16ఎక్స్ దగ్గర పెట్టండి. ఎంత నెమ్మదైతే అంత మంచిదని 1ఎక్స్, 2ఎక్స్ కోసం వెతకక్కర్లేదు, ఇప్పటి డిస్కుల పూత అంత తక్కువ వేగానికి తయారైంది కాదు. ఇవన్నీ చేసినా ఆగితే డిస్కు కంపెనీ మార్చి చూడండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కాంప్లెక్స్ లాంటి చోట కొంటే యాభై డిస్కుల డబ్బా ఒకేసారి కొనకుండా, ముందు విడిగా రెండో మూడో తీసుకుని మీ రైటర్‌కి పడతాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా నాయనమ్మ పాడిన పెళ్లిపాటల క్యాసెట్ ఉంది. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి సీడీ చేస్తే గొంతు చిరిగినట్టు, వెనక 'గుయ్' మని శబ్దం. సీడీ మళ్లీ రైట్ చేస్తే పోతుందా? ఇంతకుముందు కారు కోసం చేసుకున్న సీడీలు కూడా కొన్నాళ్లకే పాడయ్యాయి. (సైదాబాద్)

జవాబు: పోదండి, రికార్డింగులో పడ్డ లోపం ఎన్నిసార్లు రైట్ చేసినా అలాగే వస్తుంది. క్యాసెట్ ఇంకా పాడుతోంది కదా, అది గట్టిగా ఉండగానే మళ్లీ ఎక్కించండి, దయచేసి వాయిదా వేయకండి. టేప్‌రికార్డర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి, హెడ్ మురికిగా ఉంటే పాట మందగిస్తుంది. మీరు బహుశా మైక్ రంధ్రంలో తీగ పెట్టారు. అది సన్నని శబ్దాన్ని పెంచడానికి ఉన్నది, టేప్ నుంచి వచ్చే బలమైన శబ్దం అందులోకి వెళ్తే గొంతు చిరుగుతుంది. లైన్-ఇన్ (ఇలాంటి బలమైన శబ్దం కోసమే ఉన్న రంధ్రం) ఉన్న కంప్యూటర్ చూసుకోండి, లేదా లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ తెచ్చుకోండి. ఆడాసిటీలో లెవెల్ ఎప్పుడూ మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టుకోండి, తక్కువగా రికార్డయిన దాన్ని తర్వాత పెంచుకోవచ్చు, పైన తెగిపోయిన దాన్ని మాత్రం అతికించలేం. ఆ 'గుయ్' ల్యాప్‌టాప్ ఛార్జర్ వల్ల కావచ్చు, ఎక్కించేంత సేపూ దాన్ని పీకేసి బ్యాటరీ మీద నడపండి. ఉస్సుమనే టేప్ శబ్దాన్ని నాయిస్ రిడక్షన్‌తో కొంచెమే తగ్గించండి, మరీ తోమేస్తే నాయనమ్మ గొంతులో జీర కూడా పోతుంది.

శుభ్రం చేయని మొదటి వేవ్ ఫైలుని హార్డ్‌డిస్కులో ఒకచోట, ఇంకో బంధువుల ఇంట్లో ఒకచోట దాచండి. కారులో పాడైనవి ఎండకే పోయి ఉంటాయి, మన హైదరాబాద్ మే నెలలో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద సీడీ-ఆర్ పూత నిలవదు. కారులోకి కాపీ మాత్రమే తీసుకెళ్లండి, పైన కాగితం స్టిక్కర్ అతికించకండి, పేరు రాయాలంటే సీడీల కోసం అమ్మే మెత్తటి మొన మార్కర్‌తో రాయండి. పేరు రాసే వైపు గీతలు పడకుండా చూడండి, మెరుపు పూత ఆ పక్కనే పల్చటి లక్క కింద ఉంటుంది, అక్కడ చీరుకుపోతే పాట ఇక తిరిగి రాదు.