తప్పెటగుళ్ల సౌండ్ పగిలిపోతుంటే ముందు ఆటో గెయిన్ చూడండి

షార్ట్ ఫిల్ములో తప్పెటగుళ్ల శబ్దం గరగరమంటోంది, మైకు పాడైందా అని అడిగారు. మైకు పాడవలేదు. బొబ్బిలి దగ్గర తీసిన మీ షార్ట్ ఫిల్ములో తప్పెటగుళ్ల (ఉత్తరాంధ్ర జానపద నృత్యం) శబ్దం రికార్డింగ్‌లోనే పగిలింది. అందుకే ఎడిటింగ్‌లో వాల్యూమ్ తగ్గించినా ఆ గరగర పోవట్లేదు. గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెట అది. రెండు చేతులతో కొడుతూ ఎగిరితే శబ్దం లెవెల్ చూపే మీటరు ఒక్కసారిగా ఎరుపులోకి పోతుంది.

1. కెమెరాలో ఆటో గెయిన్ (శబ్దం లెవెల్‌ను కెమెరాయే సర్దుకునే సెట్టింగ్) ఆపేయండి. పాట నెమ్మదించగానే అది లెవెల్ పెంచేస్తుంది, తర్వాతి దెబ్బకు పగులుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఒక్కరిని పిలిచి "కొంచెం వాయించు బాబూ" అని లెవెల్ పెడతారు. ఆయన మొహమాటానికి మెల్లగా తడతాడు! (సాలూరులో నేనూ ఇలాగే సగం రోజు పోగొట్టుకున్నాను.) బృందమంతా గజ్జెలతో, చివర్లో ఆడే వేగంతో అర నిమిషం ఆడాలి. అప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి.

3. మైకు పది పదిహేను అడుగుల దూరంలో, కొంచెం పక్కకు.

పాడైన షాట్లకు అదే బృందంతో శబ్దం మాత్రం మళ్లీ రికార్డు చేసి, దూరపు షాట్ల కింద వేయండి. దగ్గరి షాట్లలో చేతుల దెబ్బలు కొత్త శబ్దంతో కలవవు, వాటిని మళ్లీ తీయడమే.