సమాధానం: “చింతగా అంది” ఎందుకు పేలలేదంటే

కథలో పాత్ర ఎలా అన్నదో చెప్పే మాటతోనే శ్లేష కట్టబోయి, అది ఎందుకు పేలలేదని అడిగారు. మీ వాక్యం “చింతపండు అయిపోయింది,” చింతగా అంది. ఇందులో చింత సంభాషణలోనే బయటపడిపోయింది, పైగా శ్లేష ‘అంది’ కన్నా ముందే వచ్చేసింది. వస్తువు పేరు దాచి, క్రియను ముందుకు జరపండి: “పులుసులోకి పులుపు నిండుకుంది,” అంది చింతగా.

ఇంగ్లీషులో ఇలాంటి శ్లేషలను టామ్ స్విఫ్టీలంటారు, 1910లో మొదలైన టామ్ స్విఫ్ట్ నవలల పేరు మీదుగా. ఇంగ్లీషు స్విఫ్టీలను అనువదిస్తే శ్లేష చస్తుంది. తెలుగు క్రియావిశేషణం (‘చింతగా’ లాంటి, ఎలా అన్నదో చెప్పే మాట) ముందు ఎంచుకుని, దాన్నుంచి వెనక్కి రండి. ‘పుల్లవిరుపుగా’ను విడదీస్తే పుల్ల, విరుపు. ఇక మాట దొరికినట్టే: “పొయ్యిలోకి చితుకులు సిద్ధం,” అంది పుల్లవిరుపుగా. ‘ముక్కుసూటిగా’కి నత్తు చాలు: “ఇది నాకు నప్పిందా?” అంది, నత్తు చూపిస్తూ, ముక్కుసూటిగా. (‘తియ్యగా’ జోలికి మాత్రం వెళ్లకండి, లడ్డూ అనగానే పాఠకుడు పసిగట్టేస్తాడు.)

కథ మొత్తంలో ఒకటీ రెండూ, అవీ హాస్యపాత్రకే. ఏడుపు ఘట్టంలో పొరపాటున దొర్లినా నవ్వేస్తారు.