ఆస్ట్రేలియాలో అబొరిజినల్ (అక్కడి మూలవాసుల) పిల్లల్ని లాక్కెళ్ళడం 1970కే ఆగిపోయింది కదా, ఇప్పటి తరానికి దాంతో ఏం సంబంధం? ప్రభుత్వం అన్నీ ఫ్రీగా ఇస్తున్నా వాళ్ళెందుకు కోలుకోవడం లేదు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. తాతల కాలంలో జరిగింది మనవలకి ఎలా తగులుతుంది అన్నది ఒకటి. ప్రభుత్వం అన్నీ ఫ్రీగా ఇస్తున్నా వాళ్ళెందుకు కోలుకోవడం లేదన్నది రెండోది. ఈ రెండో మాట సిడ్నీలో మనవాళ్ళు కలిసిన చోటల్లా వింటూనే ఉంటాను. నేను సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో మిడ్‌వైఫ్‌ని, అంటే పురుడు పోసే నర్సుని. మొదట పల్లెల వైపు ఒక చిన్న ఆస్పత్రిలో చేశాను, ఇప్పుడు సిడ్నీ పడమటి శివార్లలో చేస్తున్నాను. కాబట్టి పురిటి వార్డులో నాకు కనబడినంత మేరకు చెప్తాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు ఆ పాత సంగతి. మీరు బ్లాక్‌టౌన్‌లో ఉంటున్నానన్నారు. అబొరిజినల్ పిల్లల్ని ఇళ్ళ నుంచి వేరు చేసి "బాగుచేసే" స్కూలును అప్పటి బ్రిటిష్ గవర్నర్ మెక్వారీ 1814లో సిడ్నీ దగ్గర పారమట్టాలో ప్రకటించాడు. 1823లో దాన్ని మీ బ్లాక్‌టౌన్‌కే మార్చారు. చేర్చాక కన్నవాళ్ళు మధ్యలో తీసుకెళ్ళడానికి వీల్లేదు. తర్వాత 1909లో ఈ రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది, 1915 సవరణతో కోర్టుకి చెప్పకుండానే పిల్లల్ని తీసుకెళ్ళే అధికారం ప్రభుత్వ అబొరిజినల్ రక్షణ బోర్డు చేతికి వచ్చింది. ఆడపిల్లల్ని కూటమండ్రా హోమ్‌కి పంపి ఇంటిపని నేర్పి, తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి పెట్టేవాళ్ళు. వాళ్ళ జీతంలో ఎక్కువ భాగం బోర్డు ట్రస్టు ఖాతాకే పోయేది. మగపిల్లలు కెంప్సీ దగ్గర కించెలా హోమ్‌కి. అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, నంబరుతో పిలిచేవాళ్ళు. మీ అమ్మానాన్న చచ్చిపోయారనో, నిన్ను వద్దన్నారనో చాలామంది పిల్లలకి చెప్పారు. 1910 నుంచి 1970 దాకా దేశం మొత్తం మీద ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా పిల్లల్ని ఇలా తీసుకెళ్ళారని 1997లో జాతీయ విచారణ నివేదిక తేల్చింది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. అమ్మమ్మని ఐదారేళ్ళ వయసులో తీసుకెళ్ళారు. జ్వరమొస్తే పక్కన కూర్చునే మనిషి లేకుండా పెరిగింది. బయటికొచ్చాక పిల్లలు పుట్టారు. బిడ్డ ఏడిస్తే ఏం చేయాలో చూసి నేర్చుకోవడానికి ఆమెకి అమ్మ లేదు, పిన్ని లేదు. పైగా బోర్డు కారు ఏ రోజు వస్తుందో తెలియదు. వచ్చి ఇల్లు ఊడ్చి ఉందా, అలమరలో తిండి ఉందా అని చూసి రాసుకుంటారు. ఇప్పటికీ అబొరిజినల్ పెద్దవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే ఆ ఆఫీసుని "వెల్ఫేర్" అనే అంటారు, ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఆ ఇంట్లో కూతురు మొదట నేర్చుకునేది జాగ్రత్త. తెలియనివాళ్ళకి ఏమీ చెప్పకు, బిడ్డకి దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్ళకు.

ఆస్పత్రికెందుకు భయం అంటారేమో. బ్రూస్ ట్రెవొరో అనే ఆయన కేసు చూడండి. 1957 క్రిస్మస్ రోజున పదమూడు నెలల పసివాణ్ణి కడుపునొప్పని అడిలైడ్ పిల్లల ఆస్పత్రిలో చేర్పించారు. కొద్ది రోజులకే అధికారులు తల్లికి చెప్పకుండా ఒక తెల్ల కుటుంబానికి ఇచ్చేశారు. తల్లి నా కొడుకెలా ఉన్నాడని ఉత్తరం రాస్తే, బాగానే కోలుకుంటున్నాడు, ఇంకా కొన్నాళ్ళు ఉండాలి అని జవాబొచ్చింది. పదేళ్ళప్పుడు ఇంటికి పంపితే అప్పటికి కన్నతల్లి పరాయి మనిషి. 2007లో దక్షిణ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు ఆయనకి 5,25,000 డాలర్లు ఇమ్మంది. ఇంట్లోనే పెరిగిన తోబుట్టువుల జీవితాలు కోర్టు ముందే ఉన్నాయి, అదే పేదరికం, అదే ఊరు, అయినా వాళ్ళు నిలదొక్కుకున్నారు. ఈయన తాగుడు, డిప్రెషన్‌లో మునిగిపోయాడు. పరిహారం వచ్చిన మరుసటి ఏడాదే పోయాడు. పేదరికమే అసలు కారణం అనేవాళ్ళకి నేను చెప్పేది ఈ కేసే.

మా వార్డుకి ఎనిమిదో నెలలో ఒకమ్మాయి వచ్చింది. అంతవరకూ ఒక్క చెకప్ లేదు. వెంట అమ్మమ్మ. మేము ఏ ప్రశ్న అడిగినా ముందు పెద్దావిడ మొహం చూసి, తర్వాత ఒక్క ముక్కలో జవాబు చెప్పేది. కాన్పయ్యాక ఆ పెద్దావిడ తొట్టె పక్కన కుర్చీ వేసుకుని రాత్రంతా కళ్ళు మూయలేదు. ఇంటికెళ్ళి పడుకోండి ఆంటీ అంటే వినలేదు. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో మావాళ్ళు ఏం చెప్పుకున్నారో తెలుసా? "ఆలస్యంగా వచ్చింది, సహకరించదు, కుటుంబం ఏదో దాస్తోంది." ఈ మూడూ రిస్కు లెక్కలో చేరతాయి. ఈ రాష్ట్రంలో బిడ్డ పుట్టకముందే అధికారులకి రిపోర్టు చేయడానికి చట్టం వీలిస్తుంది. అంటే భయపడి చెకప్‌కి రాకపోతే, రాలేదన్నదే ఫైల్లో తప్పుగా పడుతుంది. ఆ తప్పు చూపించి బిడ్డని తీసుకెళ్తే, అమ్మమ్మ భయపడ్డదే నిజమవుతుంది. మీరడిగిన "సంబంధం" నాకు ఇక్కడే అర్థమైంది.

ఆ అమ్మాయి విషయంలో అబొరిజినల్ హెల్త్ వర్కర్ ఒకావిడ వచ్చి గంటల తరబడి కూర్చుంది. పెద్దమ్మ ఇంట్లో ఉండేట్టు ఏర్పాటు కుదిరింది, బిడ్డతో ఇంటికెళ్ళారు. ఇంకో కాన్పులో అలా కుదరలేదు, బిడ్డని తీసుకెళ్ళిపోయారు. పాలు పడి నొప్పెడుతున్న తల్లికి మాత్ర ఇచ్చి పంపాము. దాని గురించి ఇంతకంటే రాయలేను.

అన్ని కుటుంబాలూ సక్రమంగా ఉన్నాయని, ప్రతి రిపోర్టూ తప్పని నేననను. తాగుడు, డ్రగ్స్, కొట్టడం ఉన్న ఇళ్ళు చూశాను, అక్కడ పసిబిడ్డని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. కానీ దేశంలో పిల్లల్లో సుమారు ఆరు శాతమే ఉన్న అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల మూలవాసుల పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవాళ్ళలో నలభై శాతం దాటారు. తీసుకెళ్ళాల్సి వస్తే ముందు బంధువుల దగ్గరే పెట్టాలని నియమం ఉంది. ఈ రాష్ట్రంలో 1,144 మంది పిల్లల కేసులు తిరగేసిన లా ప్రొఫెసర్ మేగన్ డేవిస్ కమిటీ, ఆ నియమం సరిగ్గా పాటించడం లేదని 2019లో రాసింది. 2014లో ఈ రాష్ట్రంలోనే గన్నెడా ఊళ్ళో, పిల్లల్ని తీసుకెళ్ళడం ఆపమని అమ్మమ్మలు, నాయనమ్మలే సంఘం కట్టి రోడ్డెక్కారు.

ఇక "అన్నీ ఇస్తున్నారు" అన్న మాట. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పిల్లల్ని అలా తీసుకెళ్ళినందుకు పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, దాంతో పాటు పరిహారం రాలేదు. న్యూ సౌత్ వేల్స్ 2017లో ఒక్కొక్కరికి 75,000 డాలర్లిచ్చే పథకం పెట్టింది. అది చిన్నప్పుడు తీసుకెళ్ళినవాళ్ళకే, వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళకి కాదు. కాబట్టి మీరడిగిన తరం చేతికి వచ్చిందేమీ లేదు.

ఒక పక్కమాట. మాది చీరాల. పక్కనే స్టువర్టుపురం. ఆ ఊరి పేరు చెబితే దొంగలు అనే మాట విని పెరిగాం. అలాంటి కులాల్ని పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో కూడా పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం రాసి ఉందని ఇక్కడికొచ్చాకే చదివాను. చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరివాళ్ళని చూసి సంచి దగ్గరికి లాక్కోవడం మాత్రం మా ఇళ్ళలో ఆగలేదు. అందుకే "ఎప్పుడో ఆగిపోయింది కదా" అంటే నాకు గొంతు దిగదు.

పనికొచ్చేది ఏదైనా ఉందా అంటే, ఉంది. ఈ రాష్ట్రంలో మిడ్‌వైఫ్, అబొరిజినల్ హెల్త్ వర్కర్ జోడీగా ఇంటికే వెళ్ళి గర్భిణిని చూసే సర్వీసు ఉంది. నేను ఆ టీముతో కొన్నాళ్ళు తిరిగాను. మొదటిసారి గుమ్మం దగ్గరే మాట్లాడి పంపేస్తారు. మళ్ళీ వెళ్తే వరండాలో కుర్చీ వేస్తారు. బీపీ మిషను బయటికి తీసేది ఆ తర్వాతే. మీరు చైల్డ్‌కేర్‌లో చేరబోతున్నానన్నారు కాబట్టి, అక్కడ ఏ అమ్మమ్మైనా ఫారం నింపడానికి వెనకాడితే, ఆ కాగితం ఎవరెవరు చూస్తారో ముందు చెప్పండి, తర్వాత పెన్ను ఇవ్వండి.