ముగ్గురెక్కిన బైకు, లైటు లేని ట్రాలీ

ప్రశ్న: మా తమ్ముడు ఇద్దరిని ఎక్కించుకుని రాత్రివేళ కాలవగట్టు మీద వస్తూ, ధాన్యం బస్తాలతో ఆపి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని గుద్దాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. తమ్ముడికి కాలు విరిగింది. ముగ్గురెక్కారు కాబట్టి సగం తప్పు మీదేనంటోంది బీమా కంపెనీ. నిజమేనా? అమెరికాలోలా జ్యూరీ తేలుస్తుందా? – పాఠకుడు, కొత్తపేట

జవాబు: అక్కడ చాలా రాష్ట్రాల్లో ఎవరి తప్పు ఎంత శాతమో జ్యూరీయే రాస్తుంది. మనకు జ్యూరీ లేదు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ జడ్జి తేలుస్తారు. నష్టం 8 లక్షలని లెక్కతేలి, మీ తమ్ముడి తప్పు 25 శాతమంటే 6 లక్షలొస్తాయి.

ముగ్గురెక్కడం నేరమే. కానీ ప్రమాదానికి అదే కారణమైందని చూపకుండా పరిహారం కోయకూడదని 2020లో మహమ్మద్ సిద్ధిఖీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ మాటకు తలొగ్గి రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. అసలు గొడవ వేగం, బైకు హెడ్‌లైటు దగ్గర వస్తుంది. అందుకే ఎఫ్‌ఐఆర్, ప్రమాదస్థలం స్కెచ్, వాహన తనిఖీ నివేదిక వెంటనే తీసుకోండి. ట్రాలీ రోడ్డును ఎంతమేర ఆక్రమించిందో, రిఫ్లెక్టర్లు ఉన్నాయో లేదో స్కెచ్‌లో లేకపోతే కేసు బలహీనపడుతుంది. ఫొటోలుంటే జతచేయండి.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి వేరు. నడిపినవాడి తప్పు వాళ్లకు అంటదు. 2015 నాటి సుప్రీంకోర్టు ఖెన్యేయి తీర్పు ప్రకారం మొత్తం పరిహారం ట్రాక్టర్ పక్షం నుంచే అడగొచ్చు.

ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేసేయండి.